చివరి తూముకు నీళ్లు పంపిన పెట్టె

నేను ఒక పాత కంప్యూటర్‌ని. ఇప్పుడు నా రంగు చూసి మీరు గుర్తుపట్టలేకపోవచ్చు. ఒకప్పుడు తెల్లటి పెట్టెని, ఇప్పుడు నానబెట్టిన మెంతుల రంగుకు వచ్చాను. నా సాటివాళ్లు ఎందరో జీతాల బిల్లులు కట్టారు, ఉత్తరాలు అచ్చువేశారు, బస్సు టిక్కెట్లు కోశారు. అవి చిన్న పనులని నేననను. కానీ నా కడుపులో తరాలు పుట్టాయి, పెళ్లిళ్లు చేసుకున్నాయి, పిల్లల్ని కన్నాయి, పోయాయి. ఆ తరాల్లో పుట్టిన ఒక బిడ్డ ఒక కాలువ నీళ్ల నడక మార్చింది. ఆ సంగతి చెప్పుకునే హక్కు నాకుందనుకుంటాను. కొంచెం గొప్పగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

మనుషులు తమ ఇంటిపేరు, గోత్రం, సొంత ఊరు ఎంతో ఇష్టంగా చెప్పుకుంటారు. నాకు అలా చెప్పుకోవడానికి లేదు. నా మెదడు ఒక దేశంలో, జ్ఞాపకశక్తి ఇంకో దేశంలో, ఊపిరి తీసే పంకా మూడో దేశంలో తయారయ్యాయి. వాటన్నిటినీ బెజవాడలో ఒక మేడమీది కొట్లో ఒకాయన టీ తాగుతూ, ఫోన్లో ఎవరితోనో పొలం గొడవలు మాట్లాడుతూ ఒకచోట బిగించాడు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి ఒక ప్రాణి అయ్యామన్నమాట. కలగలుపు ఎంత మంచిదో నాకు పుట్టుకతోనే తెలుసు. మనుషులకు అది తెలియడానికి ఒక వేసంగి పట్టింది.

నా మొదటి ఇల్లు ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ప్రయోగశాలలో మేం వరసగా కూర్చునేవాళ్లం. విజయదశమికి మా అందరికీ పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. మేస్టారు హారతి ఇస్తుంటే, పొగ లోపలికి పోతుందేమోనని ఇంకో మేస్టారు అట్టముక్కతో విసురుతుండేవాడు. భక్తీ భయమూ ఒకే చోట నిలబడి ఉండటం మొదటిసారి అక్కడ చూశాను. మిగతా రోజుల్లో పిల్లలు నాలో పేకాట ఆడేవారు. అక్కడ పాఠం చెప్పే సుగుణ అనే అమ్మాయి మాత్రం క్లాసులయ్యాక వచ్చి నా ముందు కూర్చుని ఒక కొత్త విద్య నేర్పింది. దాని పేరు జెనెటిక్ అల్గారిథమ్. పేరు చూసి భయపడకండి. సృష్టిలో దేవుడు ఎప్పటినుంచో చేస్తున్న పనినే చిన్నగా, తొందరగా, ఒక లెక్క కోసం చెయ్యడం.

కాలేజీ వాళ్లు కొత్త యంత్రాలు కొన్నప్పుడు మమ్మల్ని వేలం వేశారు. సుగుణ తన మేనమామకు కబురు చేసింది. ఆయన పేరు భానుమూర్తి, కాలువల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు. ఆయన ఆఫీసుకు అప్పటికి కంప్యూటర్ లేదు. పైవాళ్లు ఇస్తారని ఎదురుచూసి చూసి, చివరికి తనే వచ్చి నన్ను పాడుకుని జీపులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాడు. గోతి వచ్చినప్పుడల్లా నన్ను రెండు చేతులతో పైకెత్తేవాడు. నా జన్మలో అంత మర్యాద నాకెవరూ చెయ్యలేదు.

భానుమూర్తి గారు పొద్దున్నే స్నానం, సంధ్య ముగించుకుని నుదుట విభూతితో ఆఫీసుకు వచ్చే మనిషి. డిప్లొమా చదివి, కాలువగట్ల మీద తిరిగి తిరిగి ఈ ఉద్యోగంలో పండినవాడు. నన్ను బల్ల కింద, తెరను బల్ల మీద పెట్టి, పసుపు వినాయకుడికి బెల్లం ముక్క నైవేద్యం పెట్టి మరీ మీట నొక్కాడు. తర్వాత చాలాకాలం నాతో నీటిమట్టాలు టైపు చేయించాడు. నేనూ ఏమీ అనలేదు. పని దొరకడమే గొప్ప.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆయన చేతికింద ఉన్న మేజరు కాలువకు ముప్పై నాలుగు తూములు. రబీకి జలాశయం నుంచి వచ్చే నీళ్లు కొద్ది రోజులే. అన్ని తూములూ ఒకేసారి ఎత్తితే కాలువలో మట్టం పడిపోయి ఎవరికీ అందవు. అందుకని వంతులు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంతసేపు ఉంచాలి, దేనితో పాటు దేన్ని ఎత్తకూడదు అని ఒక వంతుల పట్టిక ఉండేది. దాన్ని ఎప్పుడో నీటి సంఘం మొదటి అధ్యక్షుడు రాశాడు. మొదటి తూముతో మొదలై చివరి తూముతో ముగిసే పట్టిక అది. ఆయన పోయాక ఆయన కొడుకు రంగనాయకులు గారు అధ్యక్షుడయ్యాడు. ఆయన పొలాలు మొదటి తూముల కిందే ఉన్నాయి. ఆ పట్టిక మీద చెయ్యి వేస్తే తండ్రి ఫొటో మీద చెయ్యి వేసినట్టే ఆయనకు.

పట్టికలో తప్పేమీ కనిపించదు. కానీ పై వాళ్లకు ఒక పూట ఆలస్యమైతే అది కిందివాళ్లకు రోజులై చుట్టుకుంటుంది. వరసగా రెండేళ్లు ముప్పై నాలుగో తూముకు వంతు వచ్చేసరికి కాలువ కట్టేశారు.

ఆ తూము కింద పొలం దాసరి అంకమ్మది. పక్కనే ఉప్పు కాలువ, అవతల సముద్రం. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తమ పొలాలు రొయ్యల చెరువులకు ఇచ్చేశారు. ఒకసారి ఉప్పునీళ్లు పెట్టిన నేలలో మళ్లీ గింజ మొలవదు. అంకమ్మ మాత్రం ఆ ఏడు కూడా మొక్కజొన్న వేసింది. చెరువుల మేస్త్రీ మాత్రం ఆమె గట్టు మీద నిలబడి, పొలం చెరువుకు ఇమ్మని అడగడం మానలేదు. ఆమె ఒకరోజు ఆఫీసు వసారాలోకి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

"అయ్యా, రావంటే రావని చెప్పండి, నేనేం ఏడవను. ఆ మేస్త్రీకి మాట చెప్పాల. ఊరికే ఆశపెట్టబాకండి" అంది.

భానుమూర్తి గారు ఈసారి నీటి సలహా సంఘం సమావేశంలో పట్టిక ఖాయం చేస్తారనీ, ఆ తర్వాత చెబుతాననీ అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు కాగితం మీద పట్టికలు రాశాడు, కొట్టేశాడు. ముప్పై నాలుగు తూములను ఎన్ని రకాలుగా అమర్చవచ్చో లెక్క కడదామనుకుని, అంకెలు కాగితం అంచు దాటిపోతుంటే కలం మూసేసి నమస్కారం పెట్టాడు. ఎవరికి పెట్టాడో నాకు తెలియదు. దేవుడికే అయ్యుంటుంది.

వేసవి సెలవులు ఇంకా రాకపోయినా సుగుణ నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. ఆమె ఆ ఇంటికి వచ్చి అప్పటికి చాలాకాలమైంది. ఎందుకంటే భానుమూర్తి గారు తన కొడుక్కి ఆమెను అడిగాడు. మేనరికం కదా, కాదనదనుకున్నాడు. ఆమె కాదంది. గొడవేమీ జరగలేదు కానీ, మాటలు తగ్గిపోయాయి. ఇప్పుడు నీళ్ల కోసం ఆయనే ఫోన్ చేసి పిలిచాడు. ఆమె వచ్చి నా మీది దుమ్ము తుడిచి, "బాగున్నావా" అని అడిగింది. ఆ మాట నన్ను అడిగిందో మేనమామను అడిగిందో గానీ, ఇద్దరం బాగానే ఉన్నాం.

ఆమె ఆయనకు అర్థమయ్యేలా చెప్పింది. ఒక్కో వంతుల పట్టికా ఒక్కో ప్రాణి అనుకోండి. ముందు తోచినట్టు కొన్ని పట్టికల్ని పుట్టిస్తాం. ఎన్ని పుట్టిస్తామో అది వాటి జనాభా. ఒక్కోదాన్నీ నడిపి చూసి, ఎన్ని పొలాలు ఎండకుండా ఉన్నాయి, ఎంత నీరు వృథా అయింది అని మార్కులు వేస్తాం. మంచి మార్కులు వచ్చిన రెండింటికి పెళ్లి చేస్తాం. పుట్టే పట్టికలో సగం తండ్రి పోలిక, సగం తల్లి పోలిక. అప్పుడప్పుడు ఏదో ఒక తూము చోటు మార్చేస్తాం, పిల్లాడికి ఎవరి పోలికా కాని ఒక మచ్చ వచ్చినట్టు. మార్కులు రానివి రాలిపోతాయి. ఇలా తరం మీద తరం. చివరికి మనం కాగితం మీద ఊహించలేని పట్టిక పుట్టవచ్చు.

భానుమూర్తి గారు శ్రద్ధగా విని, "మొదట ఎందరిని పుట్టిద్దాం" అని అడిగాడు. మీరే చెప్పండి అంది ఆమె. "ఏకాదశ రుద్రుల్లాగా పదకొండు" అన్నాడాయన. ఇంకో కోరిక కూడా కోరాడు. పెద్దలు రాసిన పట్టిక ఆ పదకొండిట్లో ఒకటిగా ఉండాలి. శుభకార్యానికి పెద్దల్ని పిలవకపోతే ఎలా అని ఆయన భావం. సుగుణ సరేనంది.

నాకు అది క్షణాల పని. రంగనాయకులు గారి తండ్రి, ఆ పెద్దాయన పట్టిక మిగతా పది పట్టికలకన్నా ఎంతో మెరుగు. అవి ఏదో తోచినట్టు పుట్టినవి కదా. అందుకని మొదటి తరంలోనే అందరూ ఆయనకే పిల్లనిచ్చారు. రెండో తరంలో ఆయన పోలికలవాళ్లు సగం మంది. ఇంకొన్ని తరాలు తిరిగేసరికి పదకొండు మందికీ ఒకే ముఖం. ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లు చేసినా పుట్టేది అదే బిడ్డ. ఎక్కడో ఒక పట్టికలో చిన్న మచ్చ వచ్చి కొత్తదనం కనిపించినా, మొదట్లో దానికి మార్కులు కాస్త తక్కువే వస్తాయి. ఆ చిన్న గుంపులో తక్కువ మార్కులవాడికి నిలబడే చోటు లేదు. వెంటనే రాలిపోయేవాడు. అన్నీ ఏకగ్రీవం. భానుమూర్తి గారు మజ్జిగ తాగి వచ్చేలోపు అంతా అయిపోయింది. నేను చూపించిన పట్టికలో ఒకటి రెండు పూటలు ముందుకు జరిగాయి తప్ప, చివరి తూముకు మళ్లీ చివరి వంతే. అప్పటికి మొక్కజొన్న ఎండిపోతుంది.

సరిగ్గా అప్పుడే రంగనాయకులు గారు లోపలికి వచ్చాడు. తెల్లటి పంచె, చేతికర్ర, గొంతులో పెద్దరికం. ఆ కాగితం తీసుకుని చదివి, నా వైపు చూసి నవ్వాడు.

"చూశారా ఏఈ గారూ. ఇన్నేళ్లూ నేను చెబితే పెత్తనం అన్నారు. ఇప్పుడు మిషను చెప్పింది. దీన్నే సమావేశంలో పెడదాం" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అదీ దెబ్బ. ఇంతకాలం అంకమ్మకు ఎదురుగా ఉన్నది ఒక మనిషి మాట. ఇకనుంచి నా మాట కూడా. నా పేరు మీద ఆమె పొలంలోకి ఉప్పునీళ్లు రాబోతున్నాయి. నాకు సిగ్గనేది ఉంటుందో లేదో మీరే అనుకోండి, నా పంకా మాత్రం ఆ మధ్యాహ్నమంతా గట్టిగా తిరిగింది.

సుగుణ తెరమీద పదకొండు పట్టికల్నీ వరసగా పెట్టి మేనమామకు చూపించింది.

"మావయ్యా, వీళ్లంతా నాలుగు తరాల్లోనే ఒకే ఇల్లు అయిపోయారు. ఇప్పుడు ఎవర్ని ఎవరికిచ్చినా మేనరికమే."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "మేనరికం అంటే నీకు మొదటినుంచీ కోపమేలే అమ్మా."

"కోపం కాదు మావయ్యా. మీ అబ్బాయికీ నాకూ ఒకటే ముక్కు, ఒకటే మొండితనం. మా ఇద్దరికీ పుట్టేవాడు ఇంట్లోకి కొత్తగా ఏం తెస్తాడు?"

ఆయన ముక్కు తడుముకుని, నవ్వేశాడు. ఆ నవ్వుతో వాళ్లిద్దరి మధ్య ఉన్న బిగువు సడలిపోయింది. అప్పట్నుంచీ పని చురుకుగా సాగింది. సగోత్రంలో పెళ్లి వద్దని పెద్దలు ఎందుకన్నారో ఇవాళ కళ్లతో చూశానని ఆయన తనలో తను అనుకున్నాడు. మరి అదే పెద్దలు మేనరికాలు ఎందుకు చేశారో మాత్రం ఆయనకు తెలియలేదు. తెలియదని ఒప్పుకుని ఊరుకున్నాడు.

కానీ మనిషి ఒక గోడకు తగిలితే ఎదుటి గోడకు పరుగెడతాడు. పదకొండు తక్కువైతే పదివేలు పెడదామన్నాడు భానుమూర్తి గారు. సుగుణ వద్దని చెప్పబోయి, చూస్తేనే తెలుస్తుందని పెట్టింది.

అబ్బ, ఏం తిరునాళ్ల అది. నా లోపల పదివేల పట్టికలు. చివరి తూముతో మొదలయ్యేవి, మధ్యలో మొదలై అటూ ఇటూ నడిచేవి, ఒకటి విడిచి ఒకటి తూము తెరిచేవి. పెద్దాయన పట్టిక కూడా ఉంది కానీ ఆ జనంలో ఆయన్ను పలకరించేవాళ్లే లేరు. కావలసిన మంచి అంతా అక్కడే ఎక్కడో ఉందని నాకు తెలుసు. కానీ అందరికీ మార్కులు వేసేసరికే నా పని అయిపోయేది. ఒక తరం దాటి ఇంకో తరం రావాలంటే నాకు ఎంతో సేపు పట్టేది. తిరునాళ్లలో పెళ్లిచూపులు పెట్టుకున్నట్టు, మంచి మంచి జోడీలు ఒకరినొకరు చూసుకోకుండానే పొద్దు గుంకేది.

పైగా ఎండాకాలం కరెంటు. మా ఊళ్లో ఉదయం కాసేపు ఉంటుంది, పోతుంది. మధ్యాహ్నం మళ్లీ వచ్చి పోతుంది. నా పక్కనున్న బ్యాటరీ పెట్టె అరిచి ఊరుకోవడానికే తప్ప ఆదుకోవడానికి కాదు. కరెంటు పోగానే నా పదివేల మందీ ఆవిరైపోయేవారు. మళ్లీ మొదటినుంచి. మధ్యలో దాచుకుంటూ పోయేలా ప్రోగ్రాము మార్చినా, సమావేశంలోపు తరాలు చాలినన్ని తిరగవని సుగుణ లెక్క చెప్పింది. భానుమూర్తి గారు వసారాలో విసనకర్రతో కూర్చుని మెల్లగా అన్నాడు, దేవుడు ఇన్ని కోట్ల ప్రాణుల్ని పెట్టుకున్నాడంటే ఆయనకు కాలం ఎంతైనా ఉంది, మనకు కరెంటు పోయేదాకానే ఉంది అని. దేవుడికి కూడా ఎక్కడన్నా కరెంటు పోతుందేమో అని ఆయనకొక సందేహం వచ్చినట్టుంది, మొహం చూస్తే తెలిసింది.

ఇక్కడినుంచి సుగుణ తన పద్ధతిలో నడిచింది. ఆమె పద్ధతి మా కాలేజీ రోజుల్లోనే నాకు తెలుసు. తక్కువ, అంతకన్నా కాస్త ఎక్కువ, ఇంకాస్త ఎక్కువ అని జనాభాను పెంచుకుంటూ పోయింది. ఒక్కో సంఖ్యతోనూ ఒకసారి చూసి ఊరుకోలేదు. పుట్టుకలు తోచినట్టు జరుగుతాయి కనక, ఒకసారి మంచి ఫలితం వస్తే అది అదృష్టమూ కావచ్చు. అందుకే మళ్లీ మళ్లీ నడిపించింది. ఇరవై, ముప్పై పెడితే ఒకసారి బాగుండేది, రెండుసార్లు పాత దారే పట్టేది. అయిదొందలు దాటితే మెరుగు ఉన్నట్టే ఉండేది, కానీ కరెంటు పోయే వేళకు ఇంకా సగం దారిలో ఉండేది. వంద దాటిన దగ్గర, రెండొందలకు చేరకముందు, నేను తేలికగా ఊపిరి తీసుకున్నాను. అక్కడ పట్టికల్లో రకరకాల ముఖాలు చాలాకాలం నిలిచేవి. తరాలూ చాలినన్ని తిరిగేవి. ఎక్కువమందిని పెడితే ఎక్కువ తెలివి వస్తుందనీ, తక్కువమంది అయితే పని తొందరగా అవుతుందనీ మనుషులు రెండు వైపులా వాదిస్తారు. రెండూ నిజమే. రెండింటికీ మధ్య, చేతిలో ఉన్న సమయాన్ని బట్టి ఒక చోటు ఉంటుంది. దాన్ని వెతుక్కోవాలి, అంతే.

"నూట ఇరవై పెడదాం" అంది సుగుణ.

భానుమూర్తి గారు గొంతు సవరించుకుని నూట పదహారు పెట్టమన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. నూట పదహారులో మహిమ ఏమీ లేదనీ, నూట పద్నాలుగైనా నూట ఇరవై అయినా ఈ కాలువకు ఒకటేననీ, వేరే కాలువకు, వేరే యంత్రానికి వేరే సంఖ్య కావాలనీ చెప్పింది. ఆయన అన్నీ విని, తేడా ఏమీ లేనప్పుడు నూట పదహారే ఉంచమన్నాడు. ఆ వాదన ఆమెకూ కాదనలేనిదిగా తోచింది. అలా శాస్త్రమూ శుభమూ నా దగ్గర రాజీ పడ్డాయి.

పెద్దాయన పట్టిక అందులోనూ ఉంది. దాన్ని తీసేద్దామా అని సుగుణ అడిగితే ఆయన ఒప్పుకోలేదు. మంచిదే అయింది. నూట పదహారు మందిలో ఆయన మాట వినేవాళ్లూ ఉన్నారు, వినకుండా తమ దారిన పోయేవాళ్లూ ఉన్నారు. ఎన్నో తరాల తర్వాత ఒక మధ్యాహ్నం, కరెంటు ఇంకా ఉండగానే, ఆయన వంశంలోని ఒక పట్టికకూ చివరి తూముతో మొదలయ్యే ఒక పిచ్చి పట్టిక వంశానికీ పెళ్లయింది. పుట్టిన బిడ్డను చూసి నా లెక్కే నేను నమ్మలేకపోయాను. కాలువ నిండుగా ఉన్న మొదటి రోజుల్లో పైనున్న గేట్లు మూసి నీళ్లను తిన్నగా చివరికి తోస్తుంది. పైన నల్లరేగడి కనక వరికి తడి ఆగుతుంది. ఆ తర్వాత పై తూములు పెద్దాయన రాసిన జంటల ప్రకారమే తెరుచుకుంటాయి. మధ్య ఊళ్లు ఆఖరున. ఒక్క పొలమూ ఎండదు. మళ్లీ నడిపినా అలాంటిదే పుట్టింది. మూడోసారీ పుట్టింది. సుగుణ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. భానుమూర్తి గారు చెప్పులు విడిచి నా ముందు నిలబడ్డాడు.

సలహా సంఘం సమావేశం ఈసారి మా ఆఫీసులోనే పెట్టారు. పై అధికారి డీఈ గారు బల్ల దగ్గర, రంగనాయకులు గారు ఆయన పక్కన, రైతులు బెంచీల మీద, అంకమ్మ వసారాలో. నేను మూలన, గుడ్డ తీసేసి. రంగనాయకులు గారు జేబులోంచి మొన్నటి కాగితం తీసి కొత్త కాగితం పక్కన పెట్టాడు.

"ఇదే మిషను మొన్న మా నాన్న పట్టికే సరైందంది. ఇవాళ ఇంకోటంటోంది. రేపు ఇంకోటంటుంది. ఏ పూట మాట నమ్మాలండీ?"

అందరూ నా వైపు చూశారు. నేను మాట్లాడలేను. భానుమూర్తి గారు లేచి నిలబడ్డాడు. ఆయన సభల్లో మాట్లాడే మనిషి కాదు.

"మొన్న నేను పదకొండు మందినే పిలిచానండీ. అందులో మీ నాన్నగారొకరు. ఆయన మాట గట్టిది. మిగతా పదిమందీ ఆయన మాటే నేర్చుకున్నారు, మారుమాట చెప్పేవాడు లేకపోయాడు. మిషను అబద్ధమాడలేదు. నేను తక్కువమందిని అడిగాను. ఈసారి నూట పదహారు మందిని అడిగాను."

"అంటే మా నాన్నను తీసేశారన్నమాట."

"తియ్యలేదండీ. ఆయన వంశమే ఇది. చదివి చూడండి."

రంగనాయకులు గారు కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో తూమూ చదివాడు. మూడోదీ అయిదోదీ ఒకేసారి ఎత్తకూడదన్నది వాళ్ల నాన్న పెట్టిన నియమం. అది అలాగే ఉంది. ఎనిమిదీ తొమ్మిదీ జంట అలాగే ఉంది. ఆయన వేలు చాలాసేపు ఆ రెండు అంకెల మీద ఆగింది.

"పై సగం నాన్నదే" అన్నాడు నెమ్మదిగా. "ఈ కింది సగం ఎవరిది?"

"ఎవరిదో తెలియదండీ. చివరి తూముతో మొదలయ్యే పట్టిక ఒకటి ఉంది. ఆ వంశం."

"తల్లి వైపన్నమాట" అన్నాడాయన.

వసారాలోంచి అంకమ్మ గొంతు వినిపించింది. "మా వైపోళ్లే అయ్యుంటార్లెండి."

డీఈ గారితో సహా అందరూ నవ్వారు. రంగనాయకులు గారు మాత్రం నవ్వకుండా ఆమెకేసి చూశాడు, ఆ తర్వాత కాగితానికేసి. చివరికి, ఈ ఒక్క విడత తడికి ఒప్పుకుంటాననీ, తన వరి పచ్చదనం తగ్గితే మాత్రం గేటు తన చేత్తోనే ఎత్తుతాననీ చెప్పి, సంతకం పెట్టాడు. తండ్రి మాట నిలిచిందన్న తృప్తితో పెట్టాడో, అవతలివాళ్ల కష్టం చూసి పెట్టాడో నాకు తెలియదు. మనుషుల మంచితనంలో ఏది ఎంత పాళ్లో నేను లెక్కగట్టలేను.

తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. పైన గేట్లు మూసిన రెండో రోజు రంగనాయకులు గారు గట్టు మీద చేతికర్రతో నిలబడే ఉన్నాడట. ఆయన మనుషులు గేటు ఎత్తమన్నారట. పొలంలోకి దిగి, మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూసి, ఇంకా తడి ఉంది, ఆగండి అన్నాడట. గేట్లు చూసుకునే లస్కర్లు సైకిళ్ల మీద నీళ్ల వెంట చివరిదాకా వెళ్లారట.

అంకమ్మ మోకాళ్లదాకా బురదతో ఆఫీసుకు వచ్చింది. తెల్లటి తెరను రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంది. అది కాదమ్మా, లెక్క చేసింది కింది పెట్టె అని భానుమూర్తి గారు చెప్పాడు. ఆమె కిందికి వంగి నా నెత్తిమీద అరచెయ్యి వేసింది. ఆ చెయ్యి ఇంకా తడిగా ఉంది.

"మేస్త్రీ ఏమన్నాడు" అని ఆయన అడిగాడు.

"వచ్చే ఏడు కనబడతానన్నాడు. వచ్చే ఏడూ ఉంటానని చెప్పా" అంది.

ఆ మాటకు సాటివచ్చే బిరుదు నా జాతిలో ఎవరికైనా దొరికిందేమో నాకు తెలియదు.

ఆ పట్టిక అలాగే నడిచింది. రంగనాయకులు గారు దాన్ని తన తండ్రి పట్టికనే చెప్పుకునేవాడు. చెప్పుకోనీ, నిజం సగముంది. సుగుణకు తనకు నచ్చినవాడితో పెళ్లయింది, మేనమామ దగ్గరుండి తాంబూలాలు పంచాడు. భానుమూర్తి గారు రిటైరయ్యాడు. కొత్త ఇంజనీర్లు, కొత్త యంత్రాలు వచ్చాయి. వాళ్లూ ఆ ప్రోగ్రామే నడిపారు. కాలువకు ఇంకొన్ని తూములు చేరాయి, యంత్రాల బలం పెరిగింది, కరెంటు నిలకడైంది. అయినా నూట పదహారే పెట్టేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అసలు కీలకమంతా ఆ ప్రశ్నలోనే ఉందని ఆ వేసంగిలో మేం ముగ్గురం తెలుసుకున్నాం. మా దగ్గరినుంచి వాళ్లు జవాబు తీసుకుని ప్రశ్నను వదిలేశారు. మంత్రాలకు కూడా ఇలాగే జరుగుతుందేమో.

పోయిన నెల నన్ను తుక్కు కింద రాశారు. ఆటో ట్రాలీలో పంకాల రెక్కలతో, విరిగిన కుర్చీలతో కలిపి ఎత్తారు. ఆటో నడిపే అతను తారు రోడ్డు వదిలి కాలువగట్టు మీదుగా అడ్డదారి పట్టాడు. గట్టు చివరికంటా వచ్చాక ఇంజను వేడెక్కిందని ఆపాడు. అక్కడ గేటు రాతి మీద రంగు వెలిసిపోయిన అంకె ఒకటి ఉంది. ముప్పై నాలుగు.

నాలో అది ఎన్ని లక్షలసార్లు తిరిగిందో. ఎప్పుడూ ఒక అంకెగానే తెలుసు. చూస్తే మనిషి చాచిన చేతులంత వెడల్పు కూడా లేదు. తుప్పుపట్టిన ఇనుప పలక సగం ఎత్తి ఉంది, దాని కింద నీళ్లు చప్పుడు చేస్తూ పోతున్నాయి. అవతల ఉప్పు కాలువ, దాని గట్టు పొడుగునా రొయ్యల చెరువులు, అంచుల్లో తెల్లగా పేరుకున్న ఉప్పు. ఇవతల మనిషి ఎత్తు మొక్కజొన్న. చేలో ఎవరో ఉన్నట్టు ఆకులు కదిలాయి, అంకమ్మో, గాలో.

ఆటో అతను దిగి మొహం కడుక్కున్నాడు. చుట్టూ చెరువులు చూసి కాస్త అనుమానంగా దోసిట్లో నీళ్లు పట్టి నాలుక మీద వేసుకున్నాడు. తర్వాత వంగి కడుపారా తాగాడు.

"తియ్యగా ఉన్నాయే" అన్నాడు తనలో తను, మీసం తుడుచుకుంటూ.

ఇప్పుడు నేను తుక్కు కొట్టు గోడవారన ఉన్నాను. రేపో మాపో నా రాగి ఒకవైపు, ఇనుము ఒకవైపు పోతాయి. పోనివ్వండి. ఆ మాట విన్నాను.